సెంటెన్స్ కరెక్షన్: చివరికి రెండు ఆప్షన్లు మిగులుతున్నాయి, అక్కడే పోతోంది

బెజవాడ_కిరణ్ | 14 ఆగస్టు 2022

అందరికీ నమస్తే. నవంబరులో ఎంబీఏ సీటు కోసం జీమ్యాట్ ప్రవేశ పరీక్ష రాద్దామనుకుంటున్నాను. మ్యాథ్స్‌తో పేచీ లేదు. ఇంగ్లీషు భాగమైన వెర్బల్‌లో రీడింగ్, క్రిటికల్ రీజనింగ్ (వాదనలో లోపం పట్టడం లాంటివి) కూడా ఫర్వాలేదు. సెంటెన్స్ కరెక్షన్, అంటే వాక్యంలో గీత గీసిన భాగానికి ఐదు ఆప్షన్లలో సరైనది ఎంచే ప్రశ్నల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తున్నాను. ఐదు ఆప్షన్లలో మూడింటిని తేలిగ్గానే కొట్టేస్తాను. మిగిలిన రెండింట్లో వెతికి మరీ తప్పుదాన్నే పెడతాను.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆఫీసులో రోజూ ఇంగ్లీషు మెయిల్సే రాస్తున్నాను, ఇప్పటిదాకా ఎవరూ తప్పు పట్టలేదు. కోచింగ్‌లో ఇచ్చిన రూల్స్‌తో నోట్సు నిండిపోయింది: "బీయింగ్" కనిపిస్తే కొట్టెయ్, పాసివ్ వాయిస్ ఉంటే కొట్టెయ్, అన్నిటికంటే పొట్టిగా ఉన్నదే పెట్టు. వీటిని నమ్ముకుని చేస్తే మార్కులు ఇంకా తగ్గుతున్నాయి. మీరంతా దీన్ని ఎలా చదివారు?

మోడరేటర్ | 14 ఆగస్టు 2022

జవాబులిచ్చేవారికి చిన్న మనవి. ఇక్కడ తెలుగు లిపి మాత్రమే. ఇంగ్లీషు వాక్యాలు ఉదహరించాలన్నా తెలుగు అక్షరాల్లోనే రాయండి.

నైట్‌షిఫ్ట్_నాని | 14 ఆగస్టు 2022

సెంటెన్స్ కరెక్షన్ చాలదన్నట్టు ఇదొక పరీక్ష :)

కిరణ్ బ్రో, నాదీ అదే రోగం. ఈ దారం వదలను.

ఓరుగల్లు_పిల్ల | 15 ఆగస్టు 2022

కిరణ్ గారూ, ముందు ఆ మూడు రూల్సూ కొట్టేయండి. "బీయింగ్ ద యంగెస్ట్ ఇన్ ద టీమ్ డిడ్ నాట్ స్టాప్ హర్ ఫ్రమ్ ఆస్కింగ్ క్వశ్చన్స్" అనే వాక్యంలో ఏం తప్పుంది? అందులో "బీయింగ్"తో మొదలైన ముక్క మొత్తం కర్త. పొట్టిదే పెట్టమనే సలహా కూడా, రెండు ఆప్షన్లూ అర్థంలో, వ్యాకరణంలో సమానంగా నిలిచినప్పుడే పనికొస్తుంది. అలా నిలవడం చాలా అరుదు.

పాసివ్ సంగతి మీకే తెలియాలని ఒక ప్రశ్న రాశాను. కామా తర్వాత భాగమంతటి కిందా గీత ఉందనుకోండి.

"బిల్ట్ లార్జ్‌లీ ఆఫ్ స్టోన్ మేసనరీ, ఇంజినీర్స్ రిగార్డ్ నాగార్జునసాగర్ డ్యామ్ టు బి వన్ ఆఫ్ ద టాలెస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్."

ఎ) ఇంజినీర్స్ రిగార్డ్ నాగార్జునసాగర్ డ్యామ్ టు బి వన్ ఆఫ్ ద టాలెస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్
బి) ఇంజినీర్స్ రిగార్డ్ నాగార్జునసాగర్ డ్యామ్ యాజ్ వన్ ఆఫ్ ద టాలెస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్
సి) నాగార్జునసాగర్ డ్యామ్ ఈజ్ రిగార్డెడ్ యాజ్ వన్ ఆఫ్ ద టాలెస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్
డి) నాగార్జునసాగర్ డ్యామ్స్ హైట్ ఈజ్ రిగార్డెడ్ యాజ్ వన్ ఆఫ్ ద టాలెస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్
ఇ) నాగార్జునసాగర్ డ్యామ్ ఈజ్ రిగార్డెడ్ టు బి అమాంగ్ ద టాలెస్ట్ ఆఫ్ ఇట్స్ కైండ్

అసలు పరీక్షలో లాగే ఇక్కడా ఎ అంటే ఇచ్చిన వాక్యమే, మార్పు లేదు. జవాబు ఒక్కటే రాస్తే ఊరుకోను. మిగతా నాలుగూ ఎందుకు కాదో కూడా చెప్పాలి.

బెజవాడ_కిరణ్ | 15 ఆగస్టు 2022

బి. "రిగార్డ్" పక్కన "యాజ్" రావాలి కాబట్టి ఎ, ఇ పోయాయి. సి, డి రెండూ పాసివ్. ఇంజినీర్లు అనుకుంటున్నారని సూటిగా చెబుతోంది బి ఒక్కటే.

నైట్‌షిఫ్ట్_నాని | 15 ఆగస్టు 2022

నాకు ఇ. చదివితే అదే సాఫీగా ఉంది. కారణం అడగొద్దు.

ఓరుగల్లు_పిల్ల | 16 ఆగస్టు 2022

ఇద్దరికీ పోయింది. జవాబు సి.

ఆప్షన్లను అడ్డంగా చదువుతూ పోకండి. ముందు నిలువుగా, మొదటి మాటలు మాత్రమే చూడండి. ఎ, బి ఇంజినీర్లతో మొదలయ్యాయి. సి, ఇ డ్యామ్‌తో. డి ఎత్తుతో. పరీక్ష పెట్టినవాడు అడుగుతున్న మొదటి ప్రశ్న ఇదే: కామా తర్వాత ఎవరు రావాలి? కామాకు ముందు "బిల్ట్ లార్జ్‌లీ ఆఫ్ స్టోన్ మేసనరీ" అని ఉంది. అంటే ఎ, బి ప్రకారం వాళ్ళు రాతితో కట్టిన ఇంజినీర్లు! డి ప్రకారం ఎత్తునే రాతితో కట్టారు. ఒక్క చూపులో మూడు పోయాయి. ఇక సి, ఇ. ఇప్పుడు చివరి తేడా చూస్తే "రిగార్డెడ్ యాజ్", "రిగార్డెడ్ టు బి". ఇది కిరణ్ గారికి తెలిసిన రూలే.

సి పాసివ్ వాక్యమే. అయినా అదే రైటు, ఎందుకంటే డ్యామ్‌ను కర్త స్థానంలోకి తేవడానికి ఇక్కడ అదే దారి. పాసివ్‌ను చూసి కొట్టేస్తే సరైన జవాబునే కొట్టేసినట్టు.

మిర్చియార్డ్ | 16 ఆగస్టు 2022

రాతితో కట్టిన ఇంజినీర్లు... మా సైట్‌లో అలాంటివాళ్ళు ఇద్దరున్నారు.

బెజవాడ_కిరణ్ | 16 ఆగస్టు 2022

"బిల్ట్" దగ్గర అర్థమైంది. "ఇంగ్" రూపం వచ్చినప్పుడే నాకు తట్టదు. "వాకింగ్ టు ద స్టేషన్, ద రెయిన్ సోక్‌డ్ రమేష్" అన్నది ఎన్నిసార్లు చదివినా తప్పుగా అనిపించడం లేదు. రమేష్ నడుస్తున్నాడు, వాన తడిపింది. అర్థమవుతూనే ఉందిగా?

ఓరుగల్లు_పిల్ల | 16 ఆగస్టు 2022

అర్థం కావడం వేరు, వాక్యం చెప్పడం వేరు. అదే వాక్యాన్ని తెలుగులో రెండు రకాలుగా అనుకోండి.

"స్టేషన్‌కి నడుస్తుంటే వాన రమేష్‌ని తడిపేసింది."
"స్టేషన్‌కి నడుస్తూ వాన రమేష్‌ని తడిపేసింది."

మొదటిది బాగుంది. రెండోది చదవగానే వానకు కాళ్ళొచ్చాయి. "నడుస్తుంటే" అన్నప్పుడు నడిచేది ఒకరు, తర్వాతి పని చేసేది వేరొకరు కావచ్చు. "నడుస్తూ" అన్నప్పుడు ఇద్దరూ ఒకరే కావాలి. ఇంగ్లీషులో కామాకు ముందు వచ్చే "వాకింగ్" మన "నడుస్తూ" లాంటిది. మీరు దాన్ని లోపల "నడుస్తుంటే" అని చదువుకుంటున్నారు, అందుకే తప్పు కనబడటం లేదు.

రిటైర్డ్_మాస్టారు | 17 ఆగస్టు 2022

అమ్మాయి చక్కగా చెప్పింది. చిన్న సవరణ చేస్తాను. తెలుగులో "వానలు పడి చెరువులు నిండాయి" అంటాం. పడినవి వానలు, నిండినవి చెరువులు. కర్తలు వేరైనా వాక్యం నిక్షేపంగా ఉంది. ఒకటి కారణమై రెండోది జరిగినప్పుడు మన భాష ఈ వెసులుబాటు ఇస్తుంది. ఇంగ్లీషు ఇవ్వదు. కాబట్టి "నడుస్తూ" పరీక్షను వాడుకోండి కానీ "పడి", "చేసి" రూపాలతో పోల్చుకోవద్దు, అక్కడ పప్పులో కాలేస్తారు.

ఇంకో మాట. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పాను. ఈ చిట్కాలన్నీ రెండో మెట్టు. మొదటిది రోజూ మంచి ఇంగ్లీషు పత్రికలో ఒక సంపాదకీయం చదవడం. చెవికి అలవాటైతే తప్పు దానంతటదే గుచ్చుకుంటుంది.

డాలస్_బావ | 17 ఆగస్టు 2022

మాస్టారూ, చదవమనడంలో తప్పేమీ లేదు. కానీ ఈ పరీక్షలో చెవిని నమ్మడం అంత ప్రమాదం ఇంకోటి లేదు. నేను ఇక్కడ ఎంబీఏ చేశాను. ఇంగ్లీషే మాతృభాషైన నా క్లాస్‌మేట్లు కూడా ఇందులో తప్పులు పెట్టారు. వాళ్ళ చెవికి మాట్లాడే ఇంగ్లీషు అలవాటు. ప్రశ్న తయారుచేసేవాడు తప్పు ఆప్షన్‌ను కావాలనే వినసొంపుగా రాస్తాడు, సరైనదాన్ని ఎబ్బెట్టుగా రాస్తాడు. నానికి ఇ "సాఫీగా" ఉందంటే కారణం అదే.

రిటైర్డ్_మాస్టారు | 17 ఆగస్టు 2022

ఒప్పుకుంటాను, కానీ సగమే. "రిగార్డ్ యాజ్" అని ఏ సూత్రం చెబుతుంది? దాన్ని చదివే పట్టుకోవాలి.

డాలస్_బావ | 17 ఆగస్టు 2022

ఆ సగం మీదే మాస్టారూ.

నైట్‌షిఫ్ట్_నాని | 19 ఆగస్టు 2022

ఇది చూడండి, మా బ్యాచ్‌లో కొట్టుకుంటున్నాం. "షి ఈజ్ వన్ ఆఫ్ ద టీచర్స్ హూ వర్క్స్ ఆన్ సండేస్." వర్క్? వర్క్స్? "వన్" ఉంది కాబట్టి "వర్క్స్" అని నా వాదన.

మిర్చియార్డ్ | 19 ఆగస్టు 2022

నాదీ నాని ఓటే.

రిటైర్డ్_మాస్టారు | 19 ఆగస్టు 2022

ఓట్లతో తేలేది కాదిది. తెలుగులో చెప్పు నాయనా. "ఆదివారం పనిచేసే టీచర్లలో ఆమె ఒకరు." "పనిచేసే" అన్నది ఎవరికి అంటుకుంది? టీచర్లకు. వాళ్ళు చాలామంది. కాబట్టి "హూ వర్క్". అదే "ద ఓన్లీ వన్ ఆఫ్ ద టీచర్స్ హూ..." అని ఉంటే "టీచర్లలో ఆదివారం పనిచేసేది ఆమె ఒక్కరే" అవుతుంది. అప్పుడు "వర్క్స్". మన భాషలో విశేషణం వెళ్ళి తన నామం ముందే కూర్చుంటుంది, అనుమానానికి తావుండదు.

మాటల్లో "వర్క్స్" అనేవాళ్ళు ఇంగ్లండులోనూ ఉన్నారు, అది వేరే సంగతి. పరీక్షలో మాత్రం ఇదే.

నైట్‌షిఫ్ట్_నాని | 19 ఆగస్టు 2022

మా బ్యాచ్‌లో బిర్యానీ పందెం పోయింది. థాంక్స్ మాస్టారూ (ఏడుస్తూ).

బెజవాడ_కిరణ్ | 28 ఆగస్టు 2022

నిలువుగా చూడటం బాగా పనిచేస్తోంది. అయినా చివరి రెండింటి గొడవ తీరలేదు. నిన్నటిది: "అన్‌లైక్ విశాఖపట్నం, ద సమ్మర్స్ ఇన్ రామగుండం ఆర్ డ్రై" ఒకటి, "అన్‌లైక్ దోజ్ ఇన్ విశాఖపట్నం, ద సమ్మర్స్ ఇన్ రామగుండం ఆర్ డ్రై" ఇంకొకటి. మొదటిదే చక్కగా ఉందని పెట్టాను. పోయింది.

ఓరుగల్లు_పిల్ల | 28 ఆగస్టు 2022

"చక్కగా ఉందని పెట్టాను" అన్నారు చూడండి, మీ సమస్య అదే. రెండు మిగిలాక ఏది బాగుందని అడగొద్దు. రెండింటికీ ఎక్కడ తేడా ఉందని అడగండి. మిగతా వాక్యం సంగతి మర్చిపోండి. ఇక్కడ తేడా ఒక్కటే, "దోజ్ ఇన్". అది దేనికి వచ్చింది? ఎండాకాలానికి బదులుగా వచ్చింది. అది తీసేస్తే ఏమవుతుంది? ఒక ఊరిని ఎండాకాలాలతో పోల్చినట్టవుతుంది. ఊరిని ఊరితో, ఎండను ఎండతో పోల్చాలి.

ఇందులో మన తప్పు కొంత ఉంది. "హైదరాబాద్ జనాభా వరంగల్ కంటే ఎక్కువ" అని మనం హాయిగా అనేస్తాం. "వరంగల్ జనాభా కంటే" అనం. వినేవాళ్ళు సర్దుకుంటారు. అందుకే ఇంగ్లీషులోనూ మనకు ఆ లోటు కనిపించదు. "లైక్", "అన్‌లైక్", "దేన్", "కంపేర్డ్ టు" ఎక్కడ కనబడినా ఆగండి, పోల్చే రెండు వస్తువులనూ వేలుపెట్టి చూపించండి.

"విచ్" కూడా ఈ కోవలోదే. "ద రివర్ ఫ్లడెడ్ ద టౌన్, విచ్ ఫోర్స్‌డ్ ద స్కూల్స్ టు క్లోజ్" అంటే బళ్ళు మూయించింది ఊరు అని చదువుతుంది జీమ్యాట్. "ఫోర్సింగ్ ద స్కూల్స్ టు క్లోజ్" అంటే ఊరు మునగడమనే మొత్తం సంగతికి అంటుకుంటుంది.

డాలస్_బావ | 29 ఆగస్టు 2022

టైము కూడా చూసుకోండి. వెర్బల్‌లో 36 ప్రశ్నలకు 65 నిమిషాలు, అంటే ఒక్కోదానికి ఇంచుమించు నిమిషం 48 సెకన్లు. రీడింగ్ ప్యాసేజీలు అంతకంటే ఎక్కువే తింటాయి. ఆ టైమంతా ఇక్కడే మిగుల్చుకోవాలి. సెంటెన్స్ కరెక్షన్‌లో నిమిషంన్నర దాటితే ఇక ఏదో ఒకటి పెట్టి కదలండి. వెనక్కి వచ్చే వీల్లేదు కాబట్టి మనసూ అక్కడ వదిలేయండి.

తప్పుల పుస్తకం పెట్టుకోండి. జవాబు ఏమిటన్నది కాదు, మీరు ఆ తప్పు ఆప్షన్‌ను ఎందుకు నమ్మారో ఒక లైను రాసుకోండి. కొన్నాళ్ళకు అవే రెండు మూడు కారణాలు తిరిగి తిరిగి వస్తాయి.

బెజవాడ_కిరణ్ | 5 డిసెంబరు 2022

రాసేశాను. వెర్బల్ స్కోరు 36 వచ్చింది. నేను అనుకున్నదానికంటే మెరుగే. తప్పుల పుస్తకంలో సగం పేజీలు పోలికల మీదే ఉన్నాయని తర్వాత చూసుకుంటే తెలిసింది. అందరికీ చాలా చాలా థాంక్స్, ముఖ్యంగా ఓరుగల్లు గారికి.

ఎంబీఏ_ఆశ | 9 ఏప్రిల్ 2024

పాత దారం లేపుతున్నందుకు ఏమీ అనుకోకండి. మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మా సీనియర్ అక్క తన జీమ్యాట్ గైడ్ ఇచ్చింది, 2021ది. ఈ ఏడాది రాద్దామని సెంటెన్స్ కరెక్షన్‌తోనే మొదలుపెట్టాను. ఎన్ని నెలలు కేటాయించాలి?

డాలస్_బావ | 9 ఏప్రిల్ 2024

ఒక్క రోజు కూడా వద్దమ్మా! అది జీమ్యాట్‌లో ఇప్పుడు లేదు. 2023 నవంబరులో ఫోకస్ ఎడిషన్ వచ్చింది, పాత పరీక్ష 2024 జనవరి 31తో ఆగిపోయింది. ఇప్పుడు వెర్బల్ అంటే 23 ప్రశ్నలు, 45 నిమిషాలు, అవి కూడా రీడింగ్, క్రిటికల్ రీజనింగ్ మాత్రమే. వ్యాసం తీసేశారు, మ్యాథ్స్‌లో జ్యామెట్రీ తీసేశారు. ఒక్కో సెక్షన్ చివర వెనక్కి వెళ్ళి మూడు జవాబుల దాకా మార్చుకోవచ్చు. అక్క గైడ్‌లో రీడింగ్, రీజనింగ్ పేజీలు మాత్రం నిశ్చింతగా వాడుకోండి.

ఎంబీఏ_ఆశ | 9 ఏప్రిల్ 2024

అయ్యో, ఒక నోట్‌బుక్ నిండా రాసేశాను.

మిర్చియార్డ్ | 10 ఏప్రిల్ 2024

అంటే మాస్టారు, బావ కొట్టుకున్నదంతా వృథాయేనా?

ఓరుగల్లు_పిల్ల | 10 ఏప్రిల్ 2024

వృథా ఏమీ కాదు. ఆశ, నువ్వు వేరే ఎంబీఏ ప్రవేశ పరీక్షలు, అంటే ఎన్‌మ్యాట్ గానీ ఐసెట్ గానీ రాస్తే ఆ నోట్‌బుక్ అక్కడ పనికొస్తుంది. కాకపోతే ఆట మారుతుంది. జీమ్యాట్ వాక్య నిర్మాణం మీద ఆడుకునేది. ఈ పరీక్షల్లో చిన్న చిన్న వాక్యాలు, ముక్కలు చేసి ఏ ముక్కలో తప్పుందని అడుగుతారు. ఎక్కువగా ప్రిపోజిషన్లు, వాడుక, ఏకవచన బహువచనాలు. ఎన్‌మ్యాట్‌లో లాంగ్వేజ్ సెక్షన్ 36 ప్రశ్నలకు 28 నిమిషాలే, ఒక్కోదానికి నిమిషం కూడా రాదు. రెండింట్లోనూ నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఖాళీగా ఏదీ వదలొద్దు.

మన తెలుగు నుంచి నేరుగా దిగే తప్పులే అక్కడ ఎక్కువ వస్తాయి. దేని గురించో చర్చిస్తాం కాబట్టి "డిస్కస్ అబౌట్" రాస్తాం, "అబౌట్" అక్కర్లేదు. "పదేళ్ళ నుంచి" అన్నా "2014 నుంచి" అన్నా మనకు "నుంచి" ఒక్కటే. అక్కడ మొదటిదానికి "ఫర్", రెండోదానికి "సిన్స్". "అయినా కానీ" అంటాం కాబట్టి "దో" పెట్టిన వాక్యంలోనే "బట్" కూడా పెట్టేస్తాం, రెండింట్లో ఒకటే ఉండాలి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" కాదు, "ఫ్రెండ్స్". "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" కాదు, "ఐ హావ్" అని నీకు తెలిసే ఉంటుంది.

రిటైర్డ్_మాస్టారు | 11 ఏప్రిల్ 2024

"కోప్ అప్ విత్" కూడా చేర్చమ్మా. "అప్" ఎవరు తెచ్చి పెట్టారో గానీ ఊరంతా పాకింది.

ఎంబీఏ_ఆశ | 13 ఏప్రిల్ 2024

ఐసెట్‌కి అప్లై చేశాను. ఒక పీడీఎఫ్‌లో ఈ ప్రశ్న దొరికింది.

"హి హాజ్ బీన్ వర్కింగ్ (ఎ) / ఇన్ దిస్ ఆఫీస్ సిన్స్ టెన్ ఇయర్స్ (బి) / బట్ హి ఈజ్ జూనియర్ దేన్ మి (సి) / నో ఎర్రర్ (డి)"

నేను బి పెట్టాను, పదేళ్ళకు "ఫర్" రావాలి కదా. కీలో సి అని ఉంది. ఎందుకో వివరణ ఇవ్వలేదు.

నైట్‌షిఫ్ట్_నాని | 13 ఏప్రిల్ 2024

సి కూడా తప్పే కదా. "జూనియర్ టు మి" రావాలి. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్ వీటి పక్కన "దేన్" రాదు. బిర్యానీ పోగొట్టుకున్న దగ్గర్నుంచి ఇవన్నీ నాకు కంఠతా.

ఎంబీఏ_ఆశ | 13 ఏప్రిల్ 2024

మరి బి?

ఓరుగల్లు_పిల్ల | 13 ఏప్రిల్ 2024

బి కూడా తప్పే. నువ్వు పట్టుకున్నది కరెక్టు, నాని చెప్పిందీ కరెక్టు. ఒకే వాక్యంలో రెండు తప్పులు పెట్టి ఒక్క జవాబు అడిగాడంటే ప్రశ్న రాసినవాడికి మొదటి తప్పు కనబడలేదన్నమాట. ఆ పీడీఎఫ్ పక్కన పడేసి, పాత ఐసెట్ పేపర్లు పెట్టుకుని చెయ్యి. అనుమానం వచ్చినవి ఇక్కడే పెట్టు, సాయంత్రం ఏడు తర్వాత చూస్తాను.